కళ్ళకలక వైరస్‌కు సొంత రైబోసోములెన్ని?

2022 నవంబరులో తమిళనాడు ఆరోగ్యశాఖ మంత్రి మా. సుబ్రమణియన్ విలేకరులకు చెప్పిన లెక్క ఇది: రాష్ట్రంలో రోజూ 4,000 నుంచి 4,500 మందికి ‘మద్రాస్ ఐ’ సోకుతోంది, సెప్టెంబరు నుంచి అప్పటికి లక్షన్నర మంది దాని బారిన పడ్డారు. మనం కళ్ళకలక అనేది దీన్నే. కళ్ళు ఎర్రబడటం, ఊసులు కట్టి పొద్దున్నే రెప్పలు అతుక్కుపోవడం, ఇసుక పడ్డట్టు గరగర. ఇంట్లో ఒకరికి వస్తే మూడో నాటికి అందరికీ నల్ల కళ్ళజోళ్ళు.

ఆసుపత్రి గడప తొక్కకుండా నేరుగా మందుల షాపుకు వెళ్ళి “కళ్ళకలకకు చుక్కలివ్వండి” అని అడిగి తెచ్చుకునేవాళ్ళు ఇలాంటి లెక్కల్లోకి రారు. వాళ్ళ చేతికి వచ్చే సీసా మీద తరచు కనిపించే పేర్లలో ఒకటి క్లోరాంఫెనికాల్. 1947 నుంచీ ఉన్న మందు. బ్యాక్టీరియా మీద దాని పనితనానికి వంక పెట్టడానికి లేదు. కానీ ఊరంతా ఒకేసారి కళ్ళు ఎర్రబడ్డ రోజుల్లో అది ఎందుకు పనిచేయదో చెప్పడానికి ఒక్క అంకె చాలు: సున్న. వైరస్ దగ్గర ఉన్న రైబోసోముల సంఖ్య అది.

రైబోసోమ్ అంటే ప్రోటీన్లు తయారుచేసే యంత్రం. జన్యువులోని సమాచారం ఆర్‌ఎన్‌ఏ పోగుగా వస్తే, రైబోసోమ్ దాన్ని మూడేసి అక్షరాల చొప్పున చదువుకుంటూ ఒక్కో అమైనో ఆమ్లాన్నీ గొలుసుకట్టుగా కలుపుతుంది. బ్యాక్టీరియాకు సొంత రైబోసోములుంటాయి. వాటిని 70ఎస్ రకం అంటారు. 50ఎస్, 30ఎస్ అని రెండు ముక్కలు. మన కణాల్లోవి 80ఎస్ రకం. 60ఎస్, 40ఎస్ ముక్కలు. (యాభైకి ముప్ఫై కలిపితే డెబ్బై ఎలా అయిందని పిల్లలడిగితే, అవి బరువులు కావనీ, అపకేంద్ర యంత్రంలో తిప్పినప్పుడు అడుక్కి దిగే వేగాన్ని చెప్పే కొలతలనీ, అందుకే కూడికకు లొంగవనీ చెప్పండి.) మన రైబోసోములో దాదాపు 80 ప్రోటీన్లు, నాలుగు ఆర్‌ఎన్‌ఏ పోగులు ఉంటాయి. క్లోరాంఫెనికాల్ వెళ్ళి పట్టుకునేది బ్యాక్టీరియా 50ఎస్ ముక్కను. మన 60ఎస్ జోలికి పెద్దగా రాదు. ఆ తేడా మీదే మందు బతుకుతోంది.

వైరస్‌కు 70ఎస్ లేదు, 80ఎస్ లేదు. తెచ్చుకోవడానికి చోటూ లేదు. కళ్ళకలక తెచ్చే ఎంటెరోవైరస్ అడ్డుకొలత సుమారు 30 నానోమీటర్లు. మన రైబోసోమ్ కొలత కూడా ఇంచుమించు అంతే, 25 నుంచి 30. వైరస్ పెంకు లోపల డొల్ల ఇంకా చిన్నది. ఒక్క రైబోసోమ్ కూడా పట్టదు. కాబట్టి అది వాడుకోవాల్సింది మన కంటి కణంలోని రైబోసోములనే. దాన్ని ఆపడానికి రైబోసోమును ఆపే మందు వేశామంటే ఆగేది మన యంత్రమే.

తమిళనాడులో, అందులోనూ మదురైలో, కంటి కబురు ఎత్తితే ఒక పేరు చెప్పకుండా ముందుకు సాగలేం. విశ్వనాథ నాయకుడు 1529లో మదురై పాలన చేపట్టిన నాటి నుంచి దక్షిణ తమిళనాడులోని నల్లరేగడి పల్లెల్లో తెలుగు కుటుంబాలు విస్తారంగా స్థిరపడ్డాయి. అలాంటి పల్లెల్లో ఒకటైన వడమలాపురంలో, తెలుగు రైతు ఇంట, 1918 అక్టోబరు 1న పుట్టినవాడు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. కీళ్ళవాతం వేళ్ళను వంకరలు తిప్పేసినా ఆ వేళ్ళతోనే లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారని చెప్తారు. ప్రభుత్వోద్యోగం నుంచి 58 ఏళ్ళకు రిటైరై, 1976లో మదురైలో ఒక ఇంట్లో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి ఇవాళ ప్రపంచంలోకెల్లా పెద్ద కంటి వైద్య సంస్థల్లో ఒకటి. కోయంబత్తూరులోనూ దానికి పెద్ద శాఖ ఉంది. ‘మద్రాస్ ఐ’ అన్న పేరు కూడా 1918లో మద్రాసులో వచ్చిన వ్యాప్తి నుంచే పుట్టిందంటారు. జబ్బు పేరూ డాక్టరూ ఒకే ఏడాదివాళ్ళన్నమాట. కాకతాళీయమే, కానీ ఎత్తి చూపకుండా ఉండలేకపోయాను.

కళ్ళకలక ఒకే వైరస్ పని కాదు. మద్రాసు పేరు మోస్తున్నది అడినోవైరస్. దానికి పోటీగా ఇంకో రెండున్నాయి. 1969లో ఆఫ్రికాలోని ఘనాలో ఒక కొత్త రకం కళ్ళకలక పుట్టింది. సరిగ్గా అపోలో 11 చంద్రుడి మీద దిగిన ఏడాది కావడంతో అక్కడి జనం దాన్ని ‘అపోలో జబ్బు’ అన్నారు. అది ఎంటెరోవైరస్ 70. మరుసటేడు సింగపూర్‌లో కాక్సాకీ వైరస్ ఏ24 రకం బయటపడింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు పోటెత్తిన రోజుల్లో కలకత్తాను కళ్ళకలక ఊపేస్తే బెంగాలీలు దానికి ‘జయ్ బాంగ్లా’ అని పేరు పెట్టేశారు. ఏ ఊరు జబ్బుకు ఆ ఊరు కథ.

వీటిలో కాక్సాకీ ఏ24 పనితీరు చూద్దాం, ఎందుకంటే అది పోలియో వైరస్‌కు దాయాది. రెండూ ఎంటెరోవైరస్ ‘సి’ జాతిలోవే. పోలియో మీద డెబ్బై ఎనభై ఏళ్ళుగా సాగిన పరిశోధన వల్ల ఈ కుటుంబం కణంలో ఏం చేస్తుందో నిమిషాలతో సహా తెలుసు.

దాని జన్యు పదార్థం దాదాపు 7,400 అక్షరాల ఒకే ఒక్క ఆర్‌ఎన్‌ఏ పోగు. కణంలోకి దిగిన తొలి క్షణంలో ఆ పోగు ఒక్కటే. అదే సమయంలో కణంలో సొంత ఆర్‌ఎన్‌ఏ సందేశాలు రెండు మూడు లక్షలుంటాయి. కోయంబత్తూరులో జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్ పెట్టిన నాటి నుంచీ అక్కడి తెలుగు కుటుంబాలకు నూలు మిల్లుల సంగతి బాగా తెలుసు కనుక ఆ భాషలోనే చెప్పుకుందాం: మూడు లక్షల ఆర్డర్లు ముందే ఉన్న మిల్లులోకి కదురు లేకుండా, పత్తి లేకుండా, ఒక్క ఆర్డరు కాగితం పట్టుకుని వచ్చిన బేరగాడు ఈ వైరస్. అతని నూలు ముందు వడకాలి. ఎలా?

మన ఆర్‌ఎన్‌ఏ సందేశాలకు ముందు కొసన ఒక రసాయనిక గుర్తు ఉంటుంది. శాస్త్రవేత్తలు దాన్ని ‘టోపీ’ అంటారు. టోపీని ఒక ప్రోటీన్ పట్టుకుంటుంది. దాన్ని ఇఐఎఫ్4జి అనే పెద్ద ప్రోటీన్ పట్టుకుంటుంది. దాని రెండో చివర రైబోసోమును తెచ్చి కూర్చోబెడుతుంది. అంటే ఇఐఎఫ్4జి మధ్యవర్తి. దాదాపు 1,600 అమైనో ఆమ్లాల పొడవు. ఒక కొసన టోపీ, ఇంకో కొసన రైబోసోమ్.

వైరస్ పోగుకు టోపీ లేదు. టోపీ ఉండాల్సిన చోట 22 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ ముక్క అతుక్కుని ఉంటుంది. దాని తర్వాత 700కు పైగా అక్షరాల మేర ఏ ప్రోటీనుకూ సంకేతం కాని భాగం. తొలినాళ్ళలో ఇదెందుకో అర్థం కాలేదు. 1988లో మాంట్రియల్‌లో పెలెటియర్, సోనెన్‌బర్గ్, అదే ఏడాది అమెరికాలో జాంగ్, విమ్మర్ బృందం దీని గుట్టు విప్పారు. ఆ భాగం మెలికలు తిరిగి, మడతలు పడి, టోపీ అక్కరలేకుండానే రైబోసోమును నేరుగా మధ్యలోకి దింపుకుంటుంది. టోపీ లేకపోతే రైబోసోమ్ ఎక్కదన్న పాత పాఠానికి అక్కడ గండి పడింది.

ఇక దెబ్బ కొట్టే పని. వైరస్ పోగు మీద మొదటి రైబోసోమ్ ఎక్కింది. మన కణాల్లో రైబోసోమ్ వేగం సెకనుకు ఐదారు అమైనో ఆమ్లాలు. వైరస్ ప్రోటీన్లన్నీ విడివిడిగా రావు. దాదాపు 2,200 అమైనో ఆమ్లాల ఒకే పొడుగాటి గొలుసుగా వచ్చి, తర్వాత ముక్కలవుతాయి. సెకనుకు ఐదున్నర చొప్పున గొలుసు పూర్తికావడానికి 400 సెకన్లు, అంటే ఆరున్నర నిమిషాల పైమాట. అయితే వైరస్ అంతసేపు ఆగదు. గొలుసులో మొదటి 880 దాకా పెంకు ప్రోటీన్లు. ఆ వెంటనే వచ్చేది 2ఏ అనే, ప్రోటీన్లను కోసే ఎంజైము. దాని పొడవు 150లోపే. అంటే రైబోసోమ్ పని మొదలుపెట్టిన మూడు నిమిషాలకు 2ఏ తయారై బయటికొస్తుంది. వెనక గొలుసు ఇంకా తయారవుతుండగానే తన్ను తాను ముందు భాగం నుంచి కోసుకుని విడిపోతుంది. ఆ తర్వాత అది వెళ్ళి పడేది మధ్యవర్తి మీద. ఇఐఎఫ్4జిని రెండుగా కోసేస్తుంది. టోపీ పట్టుకునే కొస ఒకవైపు, రైబోసోమును పట్టుకునే కొస ఇంకోవైపు.

ఒక్క కోతతో రెండు లాభాలు. టోపీ ఉన్న మన సందేశాల మీదికి రైబోసోములు ఎక్కడం పడిపోతుంది. కోసిన రెండో ముక్క ఉందే, అది వైరస్ మడతలకు చక్కగా అతుకుతుంది, రైబోసోమును తెచ్చి వైరస్‌కు అప్పజెబుతుంది. వైరస్ మధ్యవర్తిని చంపదు, సగం కోసి తన కొలువులో పెట్టుకుంటుంది. పోలియో సోకిన కణాల్లో రెండు మూడు గంటలకల్లా కణం సొంత ప్రోటీన్ల తయారీ చాలావరకు పడిపోయినట్టు ప్రయోగశాలల్లో చూశారు. 2ఏ అక్కడితో ఆగదు; కేంద్రకపు ద్వారాల్లోని ప్రోటీన్లను కూడా కోసి రాకపోకలు చెడగొడుతుంది. 3సి అనే ఇంకో ఎంజైము కేంద్రకంలో కొత్త సందేశాలు రాయడానికి కావలసిన ప్రోటీన్లను కోస్తుంది.

ఇక్కడ ఒక లెక్క వేసి చూడాలనిపించింది. వైరస్‌కు నిజంగా ఎన్ని రైబోసోములు కావాలి?

ఎంటెరోవైరస్ పెంకులో నాలుగు రకాల ప్రోటీన్లు, ఒక్కో రకం 60 చొప్పున. అంటే ఒక వైరస్ కణానికి 60 గొలుసులు కావాలి. పోలియో సోకిన ఒక కణం నుంచి పదివేల వైరస్ కణాలు పుట్టడం మామూలే. పదివేలను అరవైతో గుణిస్తే ఆరు లక్షల గొలుసులు. ఒక రైబోసోమ్ నాలుగు గంటలు ఆగకుండా పనిచేస్తే 36 గొలుసులు అల్లుతుంది. ఆరు లక్షలను 36తో భాగిస్తే దాదాపు 16,700.

మరి మన కణంలో రైబోసోములు? లక్షల్లో ఉంటాయి, చురుగ్గా పెరిగే కణమైతే కోటి దాకా. మధ్యస్థంగా యాభై లక్షలనుకుంటే వైరస్‌కు కావలసింది వెయ్యింట మూడు. తయారైన ప్రోటీన్లలో చాలావరకు వృథా అవుతాయనీ, రైబోసోములు మధ్యమధ్య ఖాళీగా ఉంటాయనీ అనుకుని పది రెట్లు పెంచినా వందకు మూడు నాలుగు దాటదు. ఇది చేతివేళ్ళ లెక్కే, ప్రయోగశాల ఫలితం కాదు. అయినా ఒక ప్రశ్న మాత్రం మిగులుతుంది: వందకు నాలుగు చాలినప్పుడు కర్మాగారం మొత్తాన్ని ఎందుకు మూయించడం?

నా దృష్టిలో ఈ విషయం మొత్తంలో అసలైన ప్రశ్న ఇదే. వైరస్ మన యంత్రాలను దోచుకుంటుందని పాఠ్యపుస్తకాలు రాస్తాయి గానీ యంత్రాల కొరత దానికి పెద్ద సమస్య కాదు. దాని సమస్య మొదట్లో తన కాగితం ఒక్కటే కావడం, మూడు లక్షల మధ్య వంతు రాకపోవడం. రెండోది ఇంకా ముఖ్యం, అపాయ సూచన. పరాయి ఆర్‌ఎన్‌ఏ దిగిందని కణం పసిగడితే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీనును తయారుచేసి పక్క కణాలను హెచ్చరిస్తుంది. ఇంటర్‌ఫెరాన్ కూడా ప్రోటీనే. అదీ టోపీ ఉన్న సందేశం నుంచి, అవే రైబోసోముల మీద తయారుకావాలి. మధ్యవర్తిని ముక్క చేస్తే హెచ్చరిక కూడా బయటికి రావడం కష్టమవుతుంది. వైరస్ యంత్రాలను ఆక్రమించడం కన్నా వాటి నుంచి వేరే ఏదీ రాకుండా చూసుకోవడం మీద ఎక్కువ శ్రద్ధ పెడుతుందని చెప్పడమే సరైనది.

అడినోవైరస్ దారి వేరు. అది పెద్దింటిది: దాదాపు 36,000 జతల డీఎన్‌ఏ, 90 నానోమీటర్ల పెంకు, ఆ పెంకు మీద మూడేసి ప్రోటీన్లు కలిసిన పలకలు 240, అంటే ఆ ఒక్క రకమే 720 ప్రతులు. అది కేంద్రకంలోకి వెళ్ళి మన పద్ధతిలోనే టోపీ ఉన్న సందేశాలు రాయించుకుంటుంది. (ఒక సందేశాన్ని ముందు పొడవుగా రాసి, మధ్యలో అక్కరలేనివి తీసేసి మిగిలిన ముక్కలను అతికే పద్ధతి ఉందని 1977లో ప్రపంచానికి మొదట తెలిసింది ఈ అడినోవైరస్‌లోనే. రాబర్ట్స్, షార్ప్‌లకు 1993లో నోబెల్ వచ్చింది దానికే.) మన సందేశాలు కేంద్రకం దాటకుండా అడ్డుకుని తనవి దాటిస్తుంది. టోపీ దగ్గరి మధ్యవర్తిని కోయదు. దాని పక్కన ఉండాల్సిన సహాయకుణ్ణి పక్కకు నెట్టి తన 100కె ప్రోటీనును కూర్చోబెడుతుంది. తన సందేశాల ముందు భాగంలో దాదాపు 200 అక్షరాల ప్రత్యేక ఏర్పాటు ఉండటంతో రైబోసోములు కొంత దూరం దాటుకుని వెళ్ళి తిన్నగా పని మొదలుపెడతాయి.

వీటన్నిటిలో నన్ను అబ్బురపరిచే అంకె వేరే. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ కనిపిస్తే మన కణంలో పీకేఆర్ అనే ప్రోటీన్ మేలుకుని రైబోసోముల పని మొత్తం ఆపించేస్తుంది. వైరస్ పెరగకుండా తన ఉత్పత్తినే నిలిపేసుకునే చివరి అస్త్రం. అడినోవైరస్ దీనికి విరుగుడుగా 160 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏను తయారుచేయిస్తుంది. ఏ ప్రోటీనుకూ సంకేతం కాని ఆ ముక్క పని పీకేఆర్‌కు అడ్డంపడి కదలకుండా చేయడం ఒక్కటే. ఒక్కో కణంలో అది పది కోట్ల ప్రతుల దాకా పేరుకుంటుంది. కణంలోని రైబోసోముల కన్నా ఎక్కువ. ఉత్పత్తిని ఎవరూ ఆపకుండా చూసుకోవడానికి అంత ఖర్చు!

ఇతర వైరస్‌ల సంగతి ఒక్క మాటలో. ఫ్లూ వైరస్ మన సందేశాల టోపీలనే, 10 నుంచి 13 అక్షరాల ముక్కతో సహా, కత్తిరించి తన వాటికి తగిలించుకుంటుంది. కోవిడ్ వైరస్ 180 అమైనో ఆమ్లాల ఎన్‌ఎస్‌పీ1 అనే ప్రోటీన్ కొసను మన 40ఎస్ ముక్కలో సందేశం దూరే సందులోకి జొనిపి మూసేస్తుంది.

ఇప్పుడు మందులు. మన 80ఎస్ రైబోసోమును ఆపే రసాయనాలు లేకపోలేదు. సైక్లోహెక్సిమైడ్ అలాంటిదే, ప్రయోగశాలలో రోజూ వాడతారు. మనిషికి మాత్రం విషం. కాబట్టి మందు పట్టుకోవలసింది వైరస్‌కు సొంతమైన వాటిని: 2ఏ, 3సి ఎంజైములు, ఆర్‌ఎన్‌ఏను ప్రతులు తీసే ఎంజైము, లేదా పెంకు. పెంకులోని చిన్న గుంటలో కూర్చుని దాన్ని విప్పుకోనివ్వని ప్లెకోనరిల్ అనే మందు జలుబు ఎంటెరోవైరస్‌ల మీద కొంత పనిచేసింది. గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తోందన్న భయం కూడా తోడై 2002లో అమెరికా అనుమతి ఇవ్వలేదు. కంటి డాక్టర్లు కళ్ళకలకకు కొన్నిసార్లు యాంటీబయాటిక్ చుక్కలు రాయడం నిజమే. అది వైరస్ కోసం కాదు, పుండైన కంటిలో బ్యాక్టీరియా చేరుతుందన్న అనుమానం ఉన్నప్పుడు. మందుల షాపులో మనంతట మనం తెచ్చుకోకూడనివి స్టెరాయిడ్ చుక్కలు. ఎరుపు రెండ్రోజుల్లో తగ్గి హాయిగా ఉంటుంది. అడినోవైరస్ మాత్రం కంట్లో మరింత కాలం తిష్ఠ వేస్తుంది. హెర్పిస్ అయితే నల్లగుడ్డుకే ముప్పు. తెలుగిళ్ళలో నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టుకునే అలవాటుంది. చల్లగా ఉంటుంది, వైరస్‌కు తెలియదు. చల్లటి నీటి గుడ్డ కూడా అంతే మేలు చేస్తుంది, పైగా శుభ్రం.

రోగి వైపు నుంచి అంకెలు ఇలా ఉంటాయి. ఎంటెరోవైరస్ రకం అంటుకున్న ఒకటి రెండు రోజుల్లోనే బయటపడుతుంది; తెల్లగుడ్డు మీద నెత్తుటి మరకలు కనిపిస్తాయి; వారం పది రోజుల్లో తగ్గుతుంది. అడినోవైరస్ అయిదు నుంచి 12 రోజులు నిద్రలో ఉండి లేస్తుంది, రెండు మూడు వారాలు ఉంటుంది. కొందరికి నల్లగుడ్డులో చుక్కలు చుక్కలుగా మచ్చలు మిగిలి నెలల తరబడి చూపు మసకగా ఉంటుంది. కళ్ళలోకి కళ్ళు పెట్టి చూస్తే అంటుకుంటుందన్నది ఉత్త మాట. అంటుకునేది చేతుల ద్వారా, తువ్వాళ్ళు, దిండు గలీబుల ద్వారా. అడినోవైరస్ ఎండిపోయిన ప్లాస్టిక్, లోహం మీద కూడా వారాల పాటు బతికి ఉంటుంది.

1941–42లో అమెరికా నౌకా నిర్మాణ కేంద్రాల్లో వేలమంది కార్మికులకు కళ్ళకలక పాకింది. కంట్లో పడ్డ రజను తీయించుకోవడానికి వెళ్ళిన వైద్యశాలల్లోనే, కడగని చేతులూ పరికరాల వల్ల, ఒకరి నుంచి ఒకరికి చేరిందని తర్వాత తేలింది. కంటి ఒత్తిడి కొలిచే పరికరం మొన కంటికి తగులుతుంది కనుక ఇవాళ్టి ఆసుపత్రులకూ అదే భయం. ఎర్రకళ్ళతో వచ్చినవాళ్ళను వేరే వరసలో కూర్చోబెట్టడం, మొనను ప్రతిసారీ శుద్ధి చేయడం, సిబ్బందిలో ఎవరికైనా వస్తే ఇంటికి పంపడం అందుకే. అడినోవైరస్ అని తేలితే ఆ సెలవు 14 రోజులు.